జాతీయ సంఘం చెప్పే 'పరిశ్రమ అభిప్రాయం' ఎవరిది? చిన్న బల్క్ డ్రగ్ యూనిట్ వాడి సందేహం

కిలోల్యాబ్ | 9 నవంబరు 2025, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. జీడిమెట్లలో మాకు ఒక చిన్న యూనిట్ ఉంది. మందులకు కావలసిన ఇంటర్మీడియట్లు (బల్క్ డ్రగ్, అంటే ముడి మందు, తయారీలో మధ్య దశలో వచ్చే రసాయనాలు) చేస్తాం. నాన్నగారి నుంచి ఈ ఏడాదే పగ్గాలు నా చేతికి వచ్చాయి. ఆయన ఇన్నేళ్లూ పారిశ్రామికవాడ స్థానిక సంఘంలో మాత్రమే సభ్యుడు. రోడ్డు గుంతలు, కరెంటు కోతలు, వ్యర్థజలాల ట్యాంకర్ల గొడవ అన్నీ అక్కడే తేలిపోయేవి.

ఇప్పుడు ఒక అఖిల భారత తయారీదారుల సంఘం నుంచి సభ్యత్వ దరఖాస్తు వచ్చింది. ప్రవేశ రుసుము కాక, టర్నోవరును బట్టి ఏటా చందా. నాన్నగారిని అడిగితే, "అది పెద్దవాళ్ల సంఘంరా. మనం వెళ్లి చప్పట్లు కొట్టి, భోజనం చేసి రావడమే" అన్నారు. మా ఆడిటరు మాత్రం చేరమంటున్నారు.

చందా పెద్ద సమస్య కాదు. అసలు జాతీయ స్థాయి సంఘం చేసే పని ఏమిటి? ఢిల్లీలో వాళ్లు "ఇది పరిశ్రమ అభిప్రాయం" అని కాగితం ఇచ్చినప్పుడు అందులో నాబోటి వాడి మాట ఎంత ఉంటుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మూడోషిఫ్ట్ | 9 నవంబరు, ఉదయం 8.15

మీ నాన్నగారి మాటే నా మాట. భోజనం మాత్రం బాగుంటుంది.

బాలానగర్ పెద్దాయన | 9 నవంబరు, ఉదయం 11.05

భోజనం సంగతి తర్వాత చూద్దాం గానీ, కిలోల్యాబ్ బాబూ, మీ యూనిట్ ఇవాళ నిలబడి ఉండడానికి ఒక జాతీయ సంఘం చేసిన పోరాటం కూడా కారణమని తెలుసా?

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మనకు 1911 నాటి బ్రిటిష్ వారి పేటెంట్ చట్టమే నడిచింది. మందు అణువు మీదే పేటెంట్ ఉండేది కాబట్టి వేరే పద్ధతిలో తయారు చేసినా పేటెంట్ ఉల్లంఘనే. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక, ఆహారానికీ మందులకీ తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంట్ ఉండాలన్నది. నివేదిక వచ్చిన రెండేళ్లకు, 1961లో, దేశీయ కంపెనీలు బొంబాయిలో ఇండియన్ డ్రగ్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. విదేశీ కంపెనీలకు 1965 నుంచి వేరే సంఘం ఉంది, ఓపీపీఐ. ఒకే పరిశ్రమ, రెండు సంఘాలు, పార్లమెంటు కమిటీల ముందుకు రెండు పరిశ్రమ అభిప్రాయాలు! కొత్త పేటెంట్ చట్టం 1970లో వచ్చి, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. ఆ గెలుపు ఒక్క సంఘానిదే అనను. రాజకీయం కూడా ఆనాడు అటే వీచింది. కానీ ప్రతి అధికారి బల్ల మీదా దేశీయ తయారీదారుల వాదన కాగితం రూపంలో ఉండడం మాత్రం సంఘం పనే.

దాని ఫలితం హైదరాబాద్ చూసింది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో పెట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికి వచ్చి సొంత యూనిట్లు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు అలా వచ్చినవారే. 1970 చట్టం లేకపోతే వాళ్లు బయటికి వచ్చి చేయగలిగేది ఏముంది?

అసలు సంగతి ఇంకొకటి ఉంది. 1991లో హైదరాబాద్ కేంద్రంగా బల్క్ డ్రగ్ తయారీదారులకు వేరే అఖిల భారత సంఘం ఎందుకు పుట్టింది? అప్పటికే ఒక జాతీయ సంఘం ఉంది కదా? ఎందుకంటే ముడి మందు చేసేవాడూ, దాన్ని బిళ్లగా కొట్టి అమ్మేవాడూ ఒకే పరిశ్రమ అనిపించుకున్నా ఇద్దరి జేబులూ వేరు. ముడి మందు ధర పడితే బిళ్ల కొట్టేవాడికి పండుగ. ధరల నియంత్రణ ఉత్తర్వు చూడండి. 1979లో 347 బల్క్ డ్రగ్‌లు నియంత్రణలో ఉండేవి. 1995 నాటికి 74కు తగ్గాయి. 2013 ఉత్తర్వుతో లెక్క మొత్తం ఫార్ములేషన్ల వైపు, అంటే బిళ్లలు, క్యాప్సూళ్ల లాంటి తయారైన మందుల వైపు, తిరిగింది. మార్కెట్లో ఒక శాతం, అంతకు మించి వాటా ఉన్న బ్రాండ్ల సగటు ధర కట్టి, దాని మీద చిల్లర వర్తకుడికి 16 శాతం కలుపుతున్నారు. ఇందులో ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు లాభపడ్డారు, ఎవరో ఒకరు ఏడ్చారు. అందరూ "పరిశ్రమ" పేరుతోనే ఏడ్చారు.

కిలోల్యాబ్ | 9 నవంబరు, మధ్యాహ్నం 1.30

పెద్దాయన గారూ, ఇంత చరిత్ర నాకు ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం. ఫార్మెక్సిల్‌లో మేము ఇప్పటికే నమోదై ఉన్నాం. అది సంఘం కాదా?

ఢిల్లీ తెలుగు | 9 నవంబరు, సాయంత్రం 6.20

కాదు. ఫార్మెక్సిల్ ఎగుమతి ప్రోత్సాహక మండలి. వాణిజ్య మంత్రిత్వ శాఖ చొరవతో 2004లో హైదరాబాద్‌లో మొదలైంది. ఎగుమతి ప్రయోజనాలు కావాలంటే దాని నమోదు పత్రం ఉండాలి కాబట్టి చేరతారు. సంఘంలో చేరాలని ఏ చట్టమూ చెప్పదు. సంఘం బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

నేను ఇక్కడ ఢిల్లీలో యాంటీ డంపింగ్ కేసుల కాగితాలు చూస్తాను. సంఘం అవసరం నిజంగా తెలిసేది ఇక్కడే. చైనా నుంచి ఒక ఇంటర్మీడియట్ అడ్డగోలు ధరకు వచ్చి పడుతోందనుకోండి. మీరు ఒక్కరే ఇలాంటి దిగుమతుల మీద దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ డీజీటీఆర్‌కు వెళ్లి మొరపెట్టుకుంటే దర్యాప్తు మొదలు కాదు. పిటిషన్‌కు మద్దతిచ్చే తయారీదారుల ఉత్పత్తి దేశం మొత్తం ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి. అనుకూలంగానో వ్యతిరేకంగానో నోరు విప్పినవాళ్ల ఉత్పత్తిలో సగానికి మించి అనుకూలం వైపు ఉండాలి. పది ఊళ్లలో చెదిరి ఉన్న పాతిక చిన్న యూనిట్లను ఈ లెక్కకు తేవాలంటే ఎవరో ఒకరు ఫోన్లు చేసి, కాస్టింగ్ షీట్లు (ఖర్చు లెక్కలు) రాబట్టి, ఒక్క ఫైలుగా కుట్టాలి. ఆ ఎవరో సంఘమే.

ఫైలు ఎలా ఉంటుందో చెబుతాను. ప్రతి యూనిట్ తన ఖర్చు, అమ్మకపు ధర, నష్టం, స్టాకు అన్నీ ఇస్తుంది. రెండు ప్రతులు కడతారు. రహస్య ప్రతి అధికారులకు మాత్రమే. అందరికీ ఇచ్చే ప్రతిలో అసలు అంకెలు ఉండవు, సూచీలు ఉంటాయి. మొదటి ఏడాది మీ లాభం 100 అనుకుంటే తర్వాతి గడుల్లో 81, 46, ఆ తర్వాత మైనస్. అవతల వైపు దిగుమతిదారుల వకీలు ఆ సూచీలనే పట్టుకుని "నష్టానికి కారణం దిగుమతి కాదు, మీ పాత యంత్రాలు" అని వాదిస్తాడు. ఆ మాటకు జవాబు చెప్పగలిగేది ప్లాంటు తెలిసిన మనిషే. నాబోటి వాడి వల్ల కాదు.

ఇంకొక మెలిక. అదే సరుకును తానూ చేస్తూ, మరోవైపు చైనా నుంచి కూడా తెప్పించుకునే కంపెనీని "దేశీయ పరిశ్రమ" లెక్కలోంచి తీసేసే అధికారం నిబంధనల్లో ఉంది. సంఘంలో ముందు వరుస కుర్చీల్లో అలాంటివాళ్లు ఎందరో చూసుకోండి. మద్దతు ఉత్తరం మీద సంతకానికి వెళ్లినప్పుడు "వచ్చే వారం చూద్దాం" అనేది ఎక్కువగా వాళ్లే.

ఇంత చేసీ డీజీటీఆర్ సిఫార్సు మాత్రమే చేస్తుంది. సుంకం వేయాలా వద్దా అన్నది ఆర్థిక శాఖ ఇష్టం. గత అయిదారేళ్లలో ఆర్థిక శాఖ పక్కన పెట్టిన సిఫార్సులు చాలానే ఉన్నాయి.

మూడోషిఫ్ట్ | 9 నవంబరు, రాత్రి 9.10

అంటే చందా కట్టి, కాస్టింగ్ షీటు ఇచ్చి, రెండేళ్లు తిరిగి, చివరికి ఫైలు అటక మీదికి. నేను చెప్పింది ఇదే కదా?

గేటుపాసు | 9 నవంబరు, రాత్రి 10.25

మూడోషిఫ్ట్ గారూ, 2020 మార్చి గుర్తు చేసుకోండి. మార్చి 3న పారాసెటమాల్‌తో కలిపి 26 ముడి మందులు, వాటితో చేసిన ఫార్ములేషన్ల ఎగుమతికి అడ్డుకట్ట వేశారు. మూడు వారాలకు లాక్‌డౌన్. నేను అప్పుడు పాశమైలారంలో ఒక ప్లాంటు డిస్పాచ్ చూసేదాన్ని. మందుల ఫ్యాక్టరీ నడవవచ్చని ఉత్తర్వులో ఉంది. మరి మందుల ఫ్యాక్టరీకి డ్రమ్ములు చేసేవాడు? బాయిలరుకు బొగ్గు తెచ్చే లారీ? మీ కిలోల్యాబ్ లాంటి ఇంటర్మీడియట్ యూనిట్? వీటి ఊసు ఉత్తర్వులో సరిగా లేదు. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులుకు "ఇది లేకపోతే ఆ మందు రాదండీ" అని రసాయన శాస్త్రం చెప్పేదెవరు?

సంఘం ఆఫీసు నుంచి ఒక పట్టిక అడిగారు. ఏ మందుకు ఏ ఇంటర్మీడియట్, అది ఎక్కడి నుంచి వస్తుంది, లారీ ఏ దారిన వస్తుంది. రాత్రికి రాత్రి నింపి పంపాం. ఆ తర్వాతే మా లారీలకు పాసులు కదిలాయి. విడివిడిగా ఎంతమంది కలెక్టరేటుకు మెయిల్ కొట్టినా ఆ పని జరిగేది కాదు.

న్యూజెర్సీ నాగమణి | 10 నవంబరు, ఉదయం 5.50

ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను, కిలోల్యాబ్ గారి ప్రశ్నకు సూటిగా తగులుతుంది.

అమెరికాలో 2012లో జెనరిక్ మందుల ఫీజుల చట్టం వచ్చింది. మన వాళ్లంతా జీడీయూఎఫ్ఏ అనే అంటారు. ఏటా ప్రతి ప్లాంటూ ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ఫీజు కట్టాలి, విదేశీ ప్లాంటయితే అదనంగా 15,000 డాలర్లు. హైదరాబాద్, విశాఖల్లో ఈ ఫీజు కడుతున్న యూనిట్లు కోకొల్లలు. ఆ ఫీజుల స్వరూపం ఎఫ్‌డీఏ, పరిశ్రమ సంఘాలు కలిసి కూర్చుని బేరమాడి రాసుకున్నది.

ఆ మొదటి విడతలో కాంట్రాక్టు మీద ఇతరులకు మందులు చేసిపెట్టే కంపెనీలకు తమదంటూ సంఘం లేదు. ఫలితం? సొంత మందులు వందల కోట్లకు అమ్ముకునే కంపెనీ ప్లాంటూ, కూలికి చేసిపెట్టే ప్లాంటూ ఒకే ఫీజు కట్టాయి. ఆ దెబ్బతో 2014లో వాళ్లు సొంత సంఘం పెట్టుకున్నారు. చట్టాన్ని 2017లో పొడిగించే ముందు జరిగిన చర్చల్లో ఆ సంఘానికి కుర్చీ దొరికింది. కొత్త చట్టంలో కాంట్రాక్టు ప్లాంటు ఫీజు మూడోవంతుకు దిగింది. అదే విడతలో కంపెనీకి ఎన్ని అనుమతులు ఉన్నాయన్న దాన్నిబట్టి చిన్న, మధ్య, పెద్ద అని వార్షిక రుసుములో మెట్లు కూడా పెట్టారు.

వాళ్ల ప్లాంట్లు మారలేదు, మందులు మారలేదు. బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నది మారింది, అంతే.

సిమెంటు బస్తా | 10 నవంబరు, ఉదయం 9.30

మందుల గోల నాకు తెలియదు. మాది మిర్యాలగూడ వైపు, సిమెంటు డీలరుషిప్. సంఘాలంటే మా వైపు ఇంకొక కథ ఉంది. వినండి.

సిమెంట్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ కూడా 1961లో పుట్టిందే. 2010లో బిల్డర్ల సంఘం కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది, కంపెనీలన్నీ కూడబలుక్కుని రేటు పెంచుతున్నాయని. (ఒక జాతీయ సంఘం మీద ఇంకొక జాతీయ సంఘం, చూశారా.) 2012 జూన్ 20న తీర్పు వచ్చింది. పదకొండు కంపెనీలకు కలిపి ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా. సంఘానికి విడిగా 73 లక్షలు.

రేట్ల మీద సంతకం పెట్టిన ఒప్పంద పత్రం ఏదీ దొరకలేదు. మరి దేన్నిబట్టి తేల్చారు? సంఘం ఊరూరా రేట్లు సేకరించేది. ఏ కంపెనీ ఎంత ఉత్పత్తి చేసింది, ఎంత పంపింది అన్న లెక్క సంఘం ద్వారా అందరికీ తెలిసేది. 2011 ఫిబ్రవరి, మార్చిలో ముంబయిలో సమావేశాలు జరిగాయి. తర్వాత రేట్లు పెరిగాయి. అప్పట్లో సభ్యత్వం లేని పెద్ద కంపెనీలు కూడా ఆ సమావేశాలకు వచ్చిపోయాయి. 2009-10లో 83 శాతం నడిచిన ఫ్యాక్టరీలు మరుసటి ఏడాది 73 శాతమే నడిచాయి. సంఘం ఏమన్నదో తెలుసా? "ప్రభుత్వ శాఖే రేట్లు అడిగింది, అందుకే సేకరించాం" అని. కమిషన్ ఒప్పుకోలేదు.

2015 డిసెంబరులో ట్రిబ్యునల్ ఆ తీర్పు కొట్టేసింది. విచారణ వినని అధ్యక్షుడు సంతకం పెట్టాడన్నది కారణం. 2016లో కమిషన్ మళ్లీ విని మళ్లీ జరిమానా వేసింది. 2018 జులైలో అప్పీలు ట్రిబ్యునల్ సరేనన్నది. అక్కడి నుంచి సుప్రీంకోర్టు.

ఇందులో డీలర్లం మేము ఏమయ్యాం? రాత్రి మెసేజ్ వచ్చేది, రేపటి నుంచి బస్తాకు ఇంత అని. కొనేవాడు తిట్టేది మమ్మల్నే. కాబట్టి కిలోల్యాబ్ బాబూ, సంఘంలో చేరండి. కానీ సమావేశంలో ఎవరైనా "ఈ నెల మీరు ఏ రేటుకు ఇస్తున్నారు" అని మాట కలిపితే లేచి బయటికి వచ్చేయండి. మీరు లేచి వెళ్లినట్టు మినిట్స్‌లో రాయించండి కూడా.

ఢిల్లీ తెలుగు | 10 నవంబరు, ఉదయం 10.40

బస్తా గారి సలహా న్యాయపరంగా కూడా సరైనదే. సంఘం తీసుకున్న నిర్ణయాలు కూడా పోటీ చట్టం కిందికి వస్తాయి. జరిమానా కంపెనీతో ఆగదు, బాధ్యుడైన వ్యక్తి మీద కూడా పడవచ్చు. యాంటీ డంపింగ్ ఫైలుకు ఖర్చులు ఇవ్వడం తప్పు కాదు. కానీ అవి నేరుగా కన్సల్టెంటుకు, అధికారులకు వెళ్లాలి. సంఘంలోని పక్క సభ్యుడి కంట పడకూడదు.

పటాన్‌చెరు పంట | 10 నవంబరు, మధ్యాహ్నం 12.15

ఇంతసేపూ తయారీదారుల లాభనష్టాలే మాట్లాడుతున్నారు. సంఘం గెలిచిన ప్రతిసారీ ఊరు గెలవదు. ఆ వైపు కూడా చూడండి.

స్వీడన్ పరిశోధకులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయ్యాక బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఆ నీరు వాగులో కలిసింది. మా నాన్న ఆ వాగు పక్కన వరి వేసేవాడు.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ బల్క్ డ్రగ్ యూనిట్ల వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్ అవశేషాలకు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 121 యాంటీబయోటిక్‌లకు ఒక్కొక్క దానికీ అంకె వేశారు. పరిశ్రమ వర్గాలు అభ్యంతరం చెప్పాయి. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక మాయం! మీ లెక్కన అది పరిశ్రమ విజయం. మా బోరు నీళ్లకు?

మందుల నాణ్యత నిబంధనల సంగతీ ఇంతే. సవరించిన షెడ్యూల్ ఎం 2023 డిసెంబరులో వచ్చింది. టర్నోవరు రూ.250 కోట్లకు మించిన కంపెనీలకు ఆరు నెలలు, చిన్నవాటికి ఏడాది గడువు. చిన్న యూనిట్ల సంఘాలు వ్యవధి చాలదన్నాయి. దరఖాస్తు పెట్టుకున్నవాటికి 2025 డిసెంబరు 31 దాకా పొడిగించారు. మొన్న మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా పిల్లల సంగతి చదివారా? దగ్గు మందులో 48.6 శాతం డైఇథైలిన్ గ్లైకాల్ అనే విష రసాయనం. ఇరవై మందికి పైగా పసివాళ్లు పోయారు. గడువు ఇప్పించిన సంఘాలు ఆ తల్లిదండ్రులకు ఏం జవాబు చెబుతాయి?

మూడోషిఫ్ట్ | 10 నవంబరు, మధ్యాహ్నం 12.50

అన్నిటినీ ఒక గాట కట్టకండి. వచ్చిన ద్రావకాన్ని వాడే ముందు పరీక్షించాలన్నది పాత నిబంధనల్లోనూ ఉంది. అక్కడ జరిగింది దొంగతనం, గడువు సమస్య కాదు. రెండు కోట్లు పెట్టి గాలి శుద్ధి యంత్రాలు బిగించడానికి చిన్న యూనిట్ వాడు వ్యవధి అడిగితే వాణ్ని హంతకుడి పక్కన నిలబెడతారా? మీలాంటివాళ్లు ఏసీ గదిలో కూర్చుని రాసే రాతలకు...

వేదిక నిర్వాహకులు | 10 నవంబరు, మధ్యాహ్నం 1.00

మూడోషిఫ్ట్ గారి చివరి రెండు వాక్యాలు తొలగించాం. వాదన మీద మాట్లాడండి, మనుషుల మీదికి వెళ్లవద్దు.

పటాన్‌చెరు పంట | 10 నవంబరు, మధ్యాహ్నం 2.20

ఏసీ గది కాదు, మోటారు కొట్టం దగ్గర కూర్చుని రాస్తున్నాను.

ద్రావకం పరీక్ష పాత నిబంధనే అన్నారు, ఒప్పుకుంటాను. అయితే నా ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. పాత నిబంధనే పాటించని సభ్యుణ్ని సంఘం ఎప్పుడైనా బయటికి పంపిందా? గడువు అడగడానికి ఢిల్లీ వెళ్లేవాళ్లు తమవాళ్ల రికార్డులు తామే ఎందుకు తనిఖీ చేయరు?

బాలానగర్ పెద్దాయన | 10 నవంబరు, సాయంత్రం 4.45

పంట గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. సంఘానికి లైసెన్సు ఇచ్చే అధికారం లేదు, తీసేసే అధికారమూ లేదు. అది డ్రగ్ కంట్రోల్ పని. కానీ సభ్యత్వం తీసేసే అధికారం ఉంది. దాన్ని వాడరు. చందా ఇచ్చేవాణ్ని వెళ్లగొడితే చందా పోతుంది, వాడు పోటీ సంఘంలో చేరతాడు. నేను చూసినంతలో సంఘాలు శిక్షణ తరగతులు బాగా పెడతాయి, వేలు మాత్రం ఎవరి వైపూ చూపవు. మంచి సంఘం అయితే ముసాయిదాకు అభ్యంతరం చెబుతూనే "ఇన్నేళ్లలో ఇంత తగ్గిస్తాం" అని తన వైపు నుంచి అంకె ఇవ్వాలి. ఆ 121 మందుల పట్టిక విషయంలో అలాంటి అంకె బల్ల మీద పెట్టి ఉంటే ఇవాళ ఈ మాట పడేవాళ్లం కాదు.

కిలోల్యాబ్ | 10 నవంబరు, రాత్రి 8.05

చదువుతున్నకొద్దీ నాకు ఒకటి అర్థమవుతోంది. మా ముడిసరుకు ఒకటి గుజరాత్‌లో ఒకరు చేస్తారు, చైనా నుంచీ వస్తుంది. గుజరాత్ వాళ్లు దాని మీద సుంకం అడుగుతున్నారు. వస్తే నాకు ఖర్చు పెరుగుతుంది. నేను చేసే ఇంటర్మీడియట్ కూడా చైనా నుంచి వస్తుంది, దాని మీద సుంకం కావాలని నాకు ఉంది. నా దగ్గర కొనే కంపెనీకి అది నచ్చదు. ముగ్గురం ఒకే సంఘంలో చందా కట్టబోతున్నాం! ఇక సంఘం ఎవరి తరఫున మాట్లాడుతుంది?

ఢిల్లీ తెలుగు | 10 నవంబరు, రాత్రి 10.30

మీరు చెప్పిన ముక్కోణానికి నిలువెత్తు ఉదాహరణ పెన్సిలిన్ జి.

పెన్సిలిన్ జి నుంచి 6-ఏపీఏ అనే ఇంటర్మీడియట్, దాని నుంచి అమాక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్. ఒకప్పుడు పెన్సిలిన్ జి మన దేశంలోనే చేసేవాళ్లం. చైనా ధరల ముందు నిలవలేక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 2020లో చైనా నుంచి సరుకు ఆగుతుందేమోనని భయం పట్టుకున్నాక కేంద్రం బల్క్ డ్రగ్‌లకు రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది. దాని కింద కాకినాడ దగ్గర, హైదరాబాద్ కంపెనీ అరబిందో అనుబంధ సంస్థ, ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యంతో పెన్సిలిన్ జి ప్లాంటు కట్టింది. 2024లో ఉత్పత్తి మొదలైంది. చైనా ధర దించింది. కనిష్ఠ దిగుమతి ధర (అంతకన్నా తక్కువకు తెప్పించుకోకూడదన్న హద్దు) పెట్టాలన్న ప్రతిపాదన మీద 2025లో పత్రికల్లో వార్తలు వచ్చాయి.

పెడితే కాకినాడ ప్లాంటు బతుకుతుంది. దిగుమతి 6-ఏపీఏతో అమాక్సిసిలిన్ చేసే చిన్న యూనిట్‌కు ఖర్చు పెరుగుతుంది. ఆ అమాక్సిసిలిన్ కొని క్యాప్సూల్ నింపేవాడు మందు అమ్మకపు ధర పెంచలేడు, అది ధరల నియంత్రణలో ఉంది. పెట్టకపోతే? రేపు చైనా కుళాయి కట్టేస్తే ముగ్గురూ రోడ్డు మీదే.

ఇలాంటి చోట పెద్ద సంఘాలు సాధారణంగా ఏం చేస్తాయి? రెండు వైపులా సభ్యులు ఉంటే "సమతుల్య విధానం కావాలి" అని ఒక ఉత్తరం రాసి ఊరుకుంటాయి. మంత్రిత్వ శాఖ అధికారి ఆ ఉత్తరాన్ని ఫైలులో పెట్టి, గట్టిగా అంకెలతో వచ్చినవాడి కాగితం చదువుతాడు. నన్నడిగితే, రెండు వాదనలనూ విడివిడిగా, ఎవరి ఉత్పత్తి ఎంతో చెప్పి, నిజాయితీగా పంపే సంఘం మేలు. ఏకాభిప్రాయం ఉన్నట్టు నటించే ఉత్తరం వల్ల లాభపడేది ఎప్పుడూ పెద్దవాడే. వాడికి శాఖలో వేరే తలుపు కూడా తెరిచే ఉంటుంది.

గేటుపాసు | 11 నవంబరు, ఉదయం 9.00

చిన్నవాళ్లు తప్పకుండా గొంతెత్తాల్సింది ఒకటి నా దృష్టిలో ఉంది, చెల్లింపులు. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ముడి మందులు ఎక్కువ భాగం 18లోనే ఉన్నాయి. ఫార్ములేషన్ కంపెనీ 18 కట్టి కొని 5కు అమ్ముతుంది. తేడా వాపసు అడగవచ్చు గానీ సరుకు మీద కట్టినదే వస్తుంది, సేవల మీద కట్టినది రాదు. వాళ్ల డబ్బు అక్కడ ఇరుక్కుంటే ముందుగా ఆగేది మన బిల్లు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోగా చెల్లించకపోతే కొన్న కంపెనీ ఆదాయపన్ను లెక్కలో ఆ ఖర్చును చెల్లించేదాకా ఒప్పుకోరన్న నిబంధన ఒకటి మనకు ఆసరాగా ఉంది. ఒకే సంఘంలో అది కొందరికి తలనొప్పి, మనకు ఊపిరి. మనం లేని గదిలో దాన్ని సడలించమని తీర్మానం రాసేస్తే అడిగే దిక్కుండదు.

బాలానగర్ పెద్దాయన | 11 నవంబరు, ఉదయం 11.20

కిలోల్యాబ్ బాబూ, చందా కట్టే ముందు నియమావళి ప్రతి అడగండి. ఓటు సభ్యుడికి ఒకటా, టర్నోవరును బట్టా? కార్యవర్గంలో చిన్న యూనిట్లకు స్థానాలు కేటాయించారా? గత ఏడాది ఏ ముసాయిదాకు ఏమని జవాబు రాశారో ఆ ప్రతులు చూపిస్తారా, పంపే ముందు సభ్యులకు తిప్పారా? ఇవి చెప్పని చోట చేరినా, చేరకపోయినా ఒకటే. ఇంకొక మాట. పీఠాల కోసం పోటీ పడకండి, ఉపసంఘాల్లో చేరండి. అక్కడికి ఎవరూ రారు. వచ్చినవాడే ఉత్తరం రాస్తాడు.

మూడోషిఫ్ట్ | 11 నవంబరు, మధ్యాహ్నం 12.05

ఇది మాత్రం నిజం. మా యజమాని పదేళ్లు సభ్యుడు, ఉపసంఘం గుమ్మం తొక్కలేదు. ఆయన తిట్లు వినీ వినీ నాకు ఆ అభిప్రాయం ఏర్పడి ఉండవచ్చు. పంట గారి ప్రశ్న కూడా ఆ ఉపసంఘంలో ఎవరైనా అడగాలి.

కిలోల్యాబ్ | 14 నవంబరు, సాయంత్రం 5.30

అందరికీ ధన్యవాదాలు. సంఘం ఆఫీసుకు ఫోన్ చేశాను. ఓటు సభ్యుడికి ఒకటే అన్నారు. పాత జవాబుల ప్రతులు కొన్ని పంపారు. రెండింటిలో చిన్న యూనిట్ల వాదన విడిగా ఉంది, మిగతావి "సమతుల్య విధానం" బాపతే. వ్యర్థజలాల మీద సొంత అంకె ఏమైనా ఇచ్చారా అని అడిగితే, పర్యావరణ ఉపసంఘం వాళ్లతో మాట్లాడమన్నారు. సభ్యత్వం తీసుకుంటున్నాను. పన్నుల ఉపసంఘంలో ఖాళీ ఉందట, పర్యావరణ ఉపసంఘంలో అయితే సగం కుర్చీలు ఖాళీయేనట. రెండింటికీ పేరు ఇచ్చాను. మొదటి సమావేశానికి మా బకాయిల పట్టిక, ఏ కంపెనీ ఎన్ని రోజులు ఆలస్యం చేసిందో తీసుకుని వెళ్తున్నాను.

ఢిల్లీ తెలుగు | 14 నవంబరు, సాయంత్రం 6.10

పట్టిక తీసుకెళ్లండి గానీ కంపెనీల పేర్లూ, రేట్లూ తీసేసి తీసుకెళ్లండి. ఎన్ని బిల్లులు, సగటు ఆలస్యం ఎన్ని రోజులు, మొత్తం ఎంత అన్నది చాలు. ఇంకో పది యూనిట్ల నుంచి అదే నమూనాలో తెప్పించి, కలిపిన లెక్క మాత్రమే బల్ల మీద పెట్టండి. నమూనా పత్రం నా దగ్గర ఉంది, రాత్రికి ఇక్కడే పెడతాను.